తలుపుకి అంటించిన కాగితం

పొగ ఇటే వస్తోంది, ఆ దుంగ కాస్త అటు జరపండర్రా. ఆఁ, అంతే. అమ్మాయ్, నువ్వు కుర్చీ ఇటు లాక్కో. నెవార్క్ ముచ్చట చెప్పమన్నారుగా, చెప్తా. కానీ దానికి ముందు తెనాలి ఉంది.

తెనాలిలో మేం అద్దెకున్న వాటా ఓనరు ఉన్నట్టుండి మా నాన్న దగ్గర అద్దె పుచ్చుకోవడం మానేశాడు. ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరింది, వాటా కావాలి. నాన్నేమో పిల్లల పరీక్షలయ్యేదాకా ఆగమన్నాడు. ఎవరో ప్లీడరు ఓనరు చెవిలో ఊదాడు: అద్దె తీసుకోకు, కొన్నాళ్ళాగి ‘కట్టడం లేదు’ అని దావా వెయ్యి, వాళ్ళే పెట్టే బేడా సర్దుకుంటారు అని. మా నాన్న స్కూలు మేష్టరు, ఎవరి మీదా గొంతెత్తే మనిషి కాదు. ఏమీ మాట్లాడకుండా ప్రతి నెలా మొదటివారంలో పోస్టాఫీసుకెళ్ళి ఓనరు పేర మనియార్డరు కట్టేవాడు. పోస్టుమాన్ మా అరుగు ముందునుంచే పక్కవాటాకి పట్టుకెళ్ళేవాడు. ఓనరు వద్దనేవాడు. డబ్బు తిరిగి మాకే వచ్చేది, కమీషన్ మటుకు పోయేది. పుచ్చుకోనన్నారని పోస్టుమాన్ రాసిన ఆ ఫారాన్ని నాన్న గోడకున్న ఇనప చువ్వకి గుచ్చేవాడు. మా అమ్మ సణుగుడు: ‘చెయ్యి చాస్తే అందే ఇంటికి పోస్టాఫీసు దాకా ఎందుకండీ?’ అని. ఎందుకంటే 1960లో వచ్చిన అద్దె కంట్రోలు చట్టంలో ఆ దారి రాసి ఉంది. ఓనరు అద్దె పుచ్చుకోకపోతే మనియార్డరు పంపు, అదీ కాదంటే కంట్రోలరు దగ్గర డిపాజిట్ చెయ్యి అని. చివరికి కేసే పడలేదు. ఆ చువ్వ సంగతి తెలిశాక ఏ ప్లీడరు వేస్తాడు? పరీక్షలయ్యాక మేమే ఇల్లు మారాం. పెళ్ళికెళ్ళి సుబ్బరంగా భోంచేసి కూడా వచ్చాం.

ఆ చువ్వ నా బుర్రలో ఉండిపోయింది. దాంతోనే విమానం ఎక్కాను.

నేను నెవార్క్‌లో దిగింది 1973 ఆగస్టులో. మీరిప్పుడు చదివే ఎన్‌జేఐటీకి అప్పటికింకా ఆ పేరు లేదు. నెవార్క్ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ అనేవాళ్ళు, 1975లో మార్చారు. ఊరు 1967 అల్లర్ల దెబ్బనుంచి ఇంకా తేరుకోలేదు. కాలిన కొట్లకి చెక్కలు కొట్టేసి ఉండేవి. అందుకే మాలాంటి వాళ్ళకి ఇల్లు చవగ్గా దొరికింది. క్రెడిట్ స్కోరు అడగలేదు. ఆ ఫైకో స్కోరు అనేది 1989 దాకా రానే లేదు కదా. బిల్డింగు చూసుకునే మనిషిని ‘సూపర్’ అంటారు, ఆయన మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, కాలేజీ కుర్రాళ్ళా, తాగి గొడవ చేస్తారా అని రెండు ప్రశ్నలు వేసి తాళం చెవి చేతిలో పెట్టాడు. ముగ్గురం చేరాం. నేను, ఒక గుంటూరాయన, ఒక గుజరాతీ. అద్దె ప్రతి నెలా సూపర్ వచ్చి నోట్లు లెక్కపెట్టుకుని పోయేవాడు. రసీదు అడిగితే నవ్వేవాడు. ఇక్కడా పోస్టాఫీసులో మనియార్డరు అమ్ముతారని తెలిసిన రోజు నాకు పండగ. రెండో నెల నుంచీ అదే ఇచ్చాను. చిన్న ముక్క మన దగ్గర మిగులుతుంది చూడు, దాన్ని డేనిష్ బిస్కెట్ల డబ్బాలో వేసేవాణ్ణి. గుంటూరాయన ‘ఏమయ్యా, ఇంకా తెనాలిలోనే ఉన్నావా’ అని ఎద్దేవా చేసేవాడు.

అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. డిసెంబరు వచ్చేసరికి మా బిల్డింగు బాయిలరు రోజుకో గంట కూడా తిరగడం లేదు. రేడియేటర్లు చల్లబడిపోయాయి. ఇడ్లీ పిండి ఎన్నాళ్ళు పెట్టినా పులిసేది కాదు. రాత్రి నానబోసిన మినప్పప్పు గిన్నెలో పొద్దున్నే సన్నటి మంచుపలక తేలుతుండేది, వేలితో నొక్కితే టక్కుమని విరిగేది. కోట్లు వేసుకుని పడుకునేవాళ్ళం. ఓనరుకి ఫోన్ చేస్తే నూనె లేదు, నేనేం చెయ్యను అనేవాడు. అదే ఓనరుకి రెండు వీధుల అవతల ఇంకో బిల్డింగు ఉంది, అక్కడ హీటు బాగానే వస్తోందని మాకు తెలిసింది.

గుంటూరాయనకి ఆవేశం వచ్చింది. ‘అద్దె ఆపేద్దాం! వాడే కాళ్ళబేరానికి వస్తాడు.’ మిగిలిన ఫ్లాట్ల వాళ్ళూ సరే అన్నారు. అప్పుడు ఆపింది కింద ఫ్లాటులో ఉండే నల్లజాతి పెద్దావిడ. ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ చుట్టాలు నెవార్క్‌లోనే స్టెల్లా రైట్ హోమ్స్ అనే ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళు. అక్కడి జనం 1970లో అద్దెలు ఆపి సమ్మెకి దిగారు, 1974 దాకా నడిపారు. అమెరికా ప్రభుత్వ గృహాల చరిత్రలో అంత పొడుగు అద్దె సమ్మె ఇంకోటి లేదంటారు. కాబట్టి ఆవిడకి ఈ విద్య బాగా తెలుసు. మమ్మల్ని తన వంటింట్లో కూర్చోబెట్టి ఒక మాటంది: ‘అద్దె ఆపడం వేరు, అద్దె డబ్బు ఖర్చుపెట్టుకోవడం వేరు. మీరు మొదటిది చేస్తున్నామనుకుని రెండోది చేస్తారు. కోర్టులో నిలబడ్డ రోజున జేబులో డబ్బుండదు.’

ఆవిడ చెప్పినట్టే చేశాం. అద్దె మొత్తాన్ని బ్యాంకులో విడిగా ఒక ఖాతా తెరిచి వేశాం, పాస్‌బుక్కు ఆవిడ దగ్గరే. ఓనరుకి ఉత్తరం రాశాం, ఏ రోజు ఏ గంటకి గదిలో ఎంత చలి ఉందో థర్మామీటరు చూసి రాసిన పట్టీతో సహా. ఆ ఉత్తరాన్ని మామూలుగా వెయ్యనివ్వలేదావిడ. సర్టిఫైడ్ మెయిల్లో, రిటర్న్ రిసీటు పెట్టి పంపమంది. ఆ రసీదు పచ్చరంగు అట్టముక్క. అవతలివాడు సంతకం పెడితే మన ఇంటికి తిరిగొస్తుంది. పోస్టాఫీసు వాళ్ళు దాన్నీ గ్రీన్ కార్డే అంటారు. ఇమిగ్రేషన్ వాళ్ళ గ్రీన్ కార్డుకంటే ముందు నా చేతికొచ్చింది అదే! ఇంటికి రాసిన ఉత్తరంలో ‘గ్రీన్ కార్డు వచ్చింది’ అని వేళాకోళానికి రాస్తే మా అమ్మ నిజమనుకుని గుళ్ళో కొబ్బరికాయ కొట్టించిందట.

మీకో సంగతి చెప్పాలి, ఇది ఆవిడే చెప్పింది. న్యూజెర్సీలో ఒకావిడ అద్దెకుండేది. టాయ్‌లెట్ పగిలి నీళ్ళు బాత్రూమంతా కారుతున్నాయి. ఓనరు దొరకడు. ప్లంబర్‌ని పిలిచి 85 డాలర్ల 72 సెంట్లు పెట్టి బాగుచేయించి, 95 డాలర్ల అద్దెలో ఆ ఖర్చు మినహాయించి మిగతా తొమ్మిది డాలర్ల చిల్లర పంపింది. అద్దె కట్టలేదని ఓనరు ఖాళీ చేయించే దావా వేశాడు. అది రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయింది. 1970లో మారిని వర్సెస్ ఐర్లండ్ అని తీర్పొచ్చింది: మనిషి ఉండడానికి పనికొచ్చేలా ఇంటిని ఉంచడం ఓనరు బాధ్యత, ముందుగా చెప్పినా చేయించకపోతే అద్దెకున్నవాళ్ళు చేయించుకుని అద్దెలోంచి తగ్గించుకోవచ్చు అని. ఆ ఎనభై అయిదు డాలర్ల బిల్లు ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం. ఆ తర్వాత 1973లో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కి, ఇల్లు పాడుగా ఉన్న మేరకి అద్దే తగ్గించొచ్చంది. మా అదృష్టం, మేం చలికి వణుకుతున్న సంవత్సరమే!

అయినా ఓనరు కేసు వెయ్యకుండా ఉంటాడా? వేశాడు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి ప్రతి ఫ్లాటు తలుపు మీదా తెల్ల కాగితం. గుజరాతీ కుర్రాడు చూసి గజగజలాడాడు. ఆ రాత్రే సామాను సర్దుకుని జెర్సీ సిటీలో పిన్నిగారింటికి పోతానన్నాడు. పెద్దావిడ కేకలేసింది: ‘నువ్వు పోతే పేరు పోదు. నువ్వు లేకుండానే నీ పేరు పిలుస్తారు.’

కోర్టు చూశారా మీరు ఎప్పుడైనా? సినిమాల్లో బల్లగుద్ది వాదించుకుంటారే, అదేం ఉండదు. అప్పుడు దాన్ని కౌంటీ డిస్ట్రిక్ట్ కోర్టు అనేవాళ్ళు. రేషన్ షాపు ముందు క్యూలా జనం. గుమాస్తా పేర్లు పిలుస్తాడు. పలికినవాడు పక్కకి నిలబడతాడు. పలక్కపోతే ‘డిఫాల్ట్’ అని ఒక్క మాట, అయిపోయింది, ఓనరు గెలిచాడు. ఊపిరి తీసుకునే లోపల ఒక సంసారం ఇల్లు పోగొట్టుకుంటుంది. మా మూడో అంతస్తులో ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. ఒక్క నెల అద్దె మీద తగాదా. అతను అద్దె నోట్లుగానే ఇచ్చాడు, మేమే చూశాం. రసీదు లేదు. పైగా ఆ రోజు డ్యూటీ, సెలవు దొరకలేదు. రాలేదు. పేరు పిలిచారు, డిఫాల్ట్. అతని భార్య తర్వాతెప్పుడో మధ్యాహ్నం పిల్లల్ని పెట్టుకుని మంచంతో సహా వీధిలో నిలబడటం నేను చూశాను. పక్కన పెట్టెల మీద వాళ్ళ అమ్మాయి కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది.

కోర్టు హాలు కంటే బయటి వరండాలో జరిగేదే ఎక్కువ. ఓనరు లాయరు చంకలో ఫైళ్ళు పెట్టుకుని తిరుగుతుంటాడు. మా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, ‘మీరు మంచి కుర్రాళ్ళు, వాయిదాల్లో కట్టేద్దురుగాని, ఇక్కడ సంతకం పెట్టండి, ఇంటికెళ్ళిపోవచ్చు’ అన్నాడు. గుంటూరాయన పెన్ను తీశాడు. పెద్దావిడ ఆ కాగితం లాక్కుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. అందులో ఒక వాక్యం: జడ్జిమెంటుకి ఒప్పుకుంటున్నాము. అంటే ఏమిటనుకున్నారు? వాయిదాలు కట్టినా కట్టకపోయినా మా పేరు మీద ఖాళీ చెయ్యమన్న తీర్పు పడిపోయినట్టే. ఒక్క వాయిదా ఆలస్యమైతే ఇంకో విచారణ ఉండదు. ఆవిడ పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీసి, ‘డబ్బు కడితే కేసు కొట్టేస్తారని రాయి, సంతకం పెడతారు’ అంది. ఆ లాయరు ముఖం చూడాలి!

జడ్జి ముందు నిలబడ్డాం. నేను బిస్కెట్ల డబ్బా మూత తీశాను. మనియార్డరు ముక్కలు, పచ్చకార్డులు, చలి పట్టీ, పాస్‌బుక్కు. జడ్జి కాసేపు తిరగేసి, చలినెలలకి కొంత అద్దె తగ్గించి, మిగతాది ఇవాళే కట్టగలరా అని అడిగాడు. న్యూజెర్సీలో అద్దె బాకీ కేసు ఎంత దూరం వచ్చినా ఆ రోజు కోర్టు ముగిసేలోగా మొత్తం కడితే కేసు కొట్టెయ్యాలి, అది పాత పద్ధతే. బ్యాంకులో ఉన్నది ఉన్నట్టే ఉంది కాబట్టి కట్టేశాం. డిస్మిస్. నేను సంబరంగా బయటికి నడుస్తుంటే ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి తిప్పి గుమాస్తా కిటికీ దగ్గరికి తోసింది. ‘స్టాంపు వేసిన కాపీ తీసుకో. వాళ్ళ దగ్గర పుస్తకంలో ఏముందో కాదు, నీ దగ్గర ఏముందో అది నీది.’

ఆ ఏడాదే న్యూజెర్సీ ఒక చట్టం చేసింది, సరైన కారణం చూపకుండా ఇల్లు ఖాళీ చేయించడానికి వీల్లేదని. లీజు అయిపోయిందన్న ఒక్క కారణం చాలదు. ఇప్పటికీ ఉందది. మీలో టెక్సాస్ వెళ్ళబోయేవాళ్ళు అక్కడ దీన్ని వెతుక్కోకండి, దొరకదు.

ఏమే, ఆ మొక్కజొన్న పొత్తు మాడిపోతోంది, తిప్పు.

ఇంతకీ ఆ కేసు ఏమైందీ అంటే, లావుపాటి రిజిస్టరులో ఒక గీతయింది. 1978లో ఎడిసన్‌లో ఇల్లు చూసుకున్నప్పుడు ఎవడూ ఆ రిజిస్టరు తెరవలేదు. చూడాలంటే కోర్టుకి వెళ్ళి, గుమాస్తాని బతిమాలి, బేస్‌మెంట్లో దుమ్ము దులపాలి. పాత ఓనరుకి ఒక ఫోన్, అంతే విచారణ. ఆ తర్వాత్తర్వాత కొందరు తెలివైనవాళ్ళు ఈ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించి ఓనర్లకి అమ్మడం మొదలుపెట్టారు. మీరు అపార్ట్‌మెంటుకి అప్లికేషన్ పెట్టి ఫీజు కడతారు చూడు, అందులో కొంత ఆ స్క్రీనింగ్ కంపెనీలకే పోతుంది. వాళ్ళు చూసేది మీరు గెలిచారా ఓడారా అని కాదు, పేరు మీద కేసు ఉందా లేదా అని. కేసు వేసిన రోజే మచ్చ పడుతుంది, తీర్పు రోజు కాదు. మా నాన్న గొప్పతనం నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఆయన కేసు గెలవలేదు, పడనివ్వలేదు.

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం ఇలాంటి కేసులు మామూలుగా ఏడేళ్ళ దాకా రిపోర్టులో ఎక్కించొచ్చు. చాలామంది క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని, అందులో ఏమీ లేదు, నేను శుభ్రంగా ఉన్నాను అనుకుంటారు. 2017 నుంచి మూడు పెద్ద క్రెడిట్ బ్యూరోలు సివిల్ తీర్పుల్ని క్రెడిట్ రిపోర్టుల్లోంచి తీసేశాయి, నిజమే. కానీ ఓనరు చూసే అద్దె రిపోర్టు వేరు. కట్టని అద్దెని వసూలు కంపెనీకి అప్పగిస్తే అది మళ్ళీ క్రెడిట్ రిపోర్టులో తేలుతుంది, అదింకో తలనొప్పి. మన పక్కనే ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఎవిక్షన్ ల్యాబ్ అని ఉంది, దేశమంతా ఈ కేసుల్ని పోగేసి లెక్క కడుతుంది. మాథ్యూ డెస్మండ్ అనే ఆచార్యుడు పెట్టాడు. ఆయన మిల్వాకీ వెళ్ళి అద్దెవాళ్ళ మధ్య కాపురముండి రాసిన పుస్తకానికి 2017లో పులిట్జర్ ఇచ్చారు. చదవండి, మీ కోడింగులో పడి ఇవేం చదవరు.

మధ్యలో నేనూ ఓనరునయ్యాను. నవ్వకండి. ఎడిసన్‌లో రెండు వాటాల ఇల్లు కొని ఒకటి అద్దెకిచ్చాను. అప్పుడు అవతలి గట్టు ఎలా ఉంటుందో తెలిసింది. ఓనరుకి కేసంటే సరదా కాదర్రా. లాయరు ఫీజు, నెలల తరబడి నిరీక్షణ, ఈలోగా బ్యాంకు వాయిదా ఆగదు. ఒక నర్సమ్మ ఉండేది, ఆస్పత్రిలో ఉద్యోగం పోయింది. ఒకటో తారీఖు రాకముందే తలుపు కొట్టి, ఈ నెల సగం, వచ్చే నెల రెండు ముక్కలుగా ఇస్తానండీ అంది. ఒక తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకం పెట్టాం. మాట ప్రకారం కట్టింది. కోర్టు గుమాస్తాకి మా ఇద్దరి పేర్లూ తెలియవు.

ఇంకో కుర్రాడి మీద మాత్రం కేసు వేశాను. అద్దె ఎగ్గొట్టాడని కాదు, ఫోను ఎత్తలేదని. ఉత్తరానికి జవాబు లేదు, తలుపు కొడితే లోపల టీవీ మోగుతుంది. కేసు పడ్డాక పరిగెత్తుకొచ్చి పైసాతో సహా కట్టాడు. కొన్నేళ్ళకి ఫోన్ చేశాడు, పెళ్ళి కుదిరింది అంకుల్, ఎక్కడా ఇల్లు ఇవ్వడం లేదు అని. బాకీ మొత్తం కట్టాడు, కేసు కొట్టేశారు, ఇల్లు శుభ్రంగా అప్పగించాడు అని నేను ఉత్తరం రాసిస్తే, దాన్ని అప్లికేషన్‌కి జతచేసి ముందే చూపించుకుంటే గానీ దొరకలేదట. పాత ఓనరు దగ్గర అలాంటి ఉత్తరం అడగడానికి మొహమాటపడకండి. వాళ్ళు తన్నరు.

ఏంట్రా, ఇందాకట్నుంచీ నసుగుతున్నావ్? చెప్పు.

‘తాతగారూ, మా తలుపుకి కూడా ఏదో అంటించారు.’

ఎప్పుడు? పోయిన వారమా? ఇప్పుడా చెప్పేది! లీజు మీద ఎన్ని సంతకాలున్నాయి? నలుగురివా. ఇద్దరు ఉద్యోగాలొచ్చి డాలస్ వెళ్ళిపోయారు, మిగిలిన మీ ఇద్దరికీ అద్దె భారమై ఫ్రెండ్స్ ఇంటికి చేరారు, తాళాలు వంటింటి గట్టు మీద పెట్టి తలుపు లాగేశారు. అంతేనా? ఇంటింటి భాగోతమే ఇది. విను. నలుగురు కలిసి పెట్టిన సంతకంలో ‘నా పాతిక వంతు నేను కట్టేశాను’ అనే మాట చెల్లదు. ఓనరుకి మీ నలుగురూ ఒక్క మనిషి లెక్క, ఎవడు దొరికితే వాడి దగ్గర మొత్తం అడగొచ్చు. డాలస్ వెళ్ళినవాళ్ళు వెళ్ళేముందే తమ పేరు లీజులోంచి తీయించుకుని, బదులు వచ్చినవాడి పేరు ఎక్కించాల్సింది, ఓనరు సంతకంతో. ‘మాట్లాడేశాను బ్రో’ అంటే కాదు.

ఇల్లు వదిలేయడం, ఇల్లు అప్పగించడం ఒకటి కాదు. తాళాలు గట్టు మీద పెడితే ఇల్లు ఇంకా మీ చేతిలోనే ఉందంటాడు ఓనరు. రేప్పొద్దున్నే ఆఫీసుకెళ్ళి తాళాలు చేతికిచ్చి, ఫలానా తేదీన ఇల్లు అప్పగించారని కాగితం తీసుకో. గదులన్నీ ఫోటోలు తియ్యి, ఫ్రిజ్ లోపల కూడా. బాకీ ఎంతో అడిగి, నలుగురూ పోగేసి, కడతాం, కేసు వెనక్కి తీసుకోండి అని అడుగు. ఇల్లు చేతికొచ్చి, డబ్బూ వస్తే నడిపించి వాడికేం లాభం? ఒప్పుకుంటే రాయించుకో. ఒప్పుకున్నాడు కదా అని కోర్టు తారీఖు మానకు. ఇప్పుడు కొన్ని వీడియోలో కూడా జరుగుతున్నాయిట. డిస్మిస్ అని చెవులారా విని, కాపీ తెచ్చుకున్నాకే నిద్రపో.

వీసా పోతుందా అంటావా? ఎవరు చెప్పారు, వాట్సాప్‌లోనా? ఇది సివిల్ కేసురా, పోలీసు కేసు కాదు. మన పిల్లలు కోర్టు అన్న మాటకి బెదిరి పోకుండా మానేస్తారు, ఆ మానెయ్యడమే కొంప ముంచుతుంది. వకీలుకి డబ్బుల్లేకపోతే లీగల్ సర్వీసెస్ ఆఫ్ న్యూజెర్సీ ఉంది, అర్హత ఉంటే ఉచితంగా చూస్తారు. లా కాలేజీల్లో క్లినిక్కులుంటాయి. అద్దె సాయం కావాలంటే 211కి ఫోన్ చేసి అడగండి.

రాష్ట్రానికో పద్ధతి, అది మటుకు గుర్తుంచుకోండి. కాలిఫోర్నియాలో 2017 నుంచీ, కేసు వేసిన 60 రోజుల్లో ఓనరు గెలిస్తే తప్ప ఆ ఫైలు బయటివాళ్ళకి చూపరు. న్యూయార్క్‌లో 2019 చట్టం వచ్చాక, పాత అద్దె కేసు ఉందన్న కారణంతో ఇల్లు ఇవ్వననకూడదు. టెక్సాస్‌లో ఇవి జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో నడుస్తాయి. మామూలుగా మూడు రోజుల నోటీసుతో మొదలవుతుంది, తీర్పు మీద అప్పీలుకి అయిదు రోజులే గడువు. అక్కడ నిద్రపోతే లేచేసరికి అన్నీ అయిపోతాయి.

ఇదంతా కేసు నిజంగా ఉన్నవాళ్ళ గొడవ. ఏ కేసూ లేనివాడి గొడవ కూడా ఒకటుంది. మా బావమరిది కొడుకు, చుక్క బాకీ లేని మనిషి, డాలస్‌కి బదిలీ అయ్యి అక్కడ అపార్ట్‌మెంటుకి అప్లికేషన్ పెడితే తిప్పి కొట్టారు. ఎవిక్షన్ ఉందిట! వాడికి దిమ్మ తిరిగింది. వాడి ఇంటిపేరు పాస్‌పోర్టులో రాదు, చివర్న ఉన్న రావే ఇక్కడ ఇంటిపేరైంది. ఆ ముందు పేరు, ఆ రావు కలిస్తే అమెరికాలో ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి. రెడ్డిగార్ల గతీ అంతే. ఇంక పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే ‘ముందు పేరు తెలియదు’ అని పడ్డవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఇంకో రావు మీద పడ్డ కేసుని కంప్యూటరు తెచ్చి వీడికి తగిలించింది.

నాకు ఫోన్ చేశాడు. అరవకు, కాగితం అడుగు అన్నాను. రిపోర్టు చూసి ఇల్లు ఇవ్వనంటే, ఏ కంపెనీ రిపోర్టు చూశారో ఓనరు చెప్పి తీరాలి, చట్టం. 60 రోజుల్లోగా అడిగితే ఆ కంపెనీ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పని మనం రాసి పంపితే మామూలుగా 30 రోజుల్లో విచారించి సరిచెయ్యాలి. ఒట్టి పేరు కలిసిందని రికార్డు అంటగట్టడం చట్టవిరుద్ధమని వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో 2021లో తేల్చి చెప్పింది కూడా. 2023లో ట్రాన్స్‌యూనియన్ ఇలాంటి అద్దె రిపోర్టుల తప్పుల మీదే 15 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. వీడు పాస్‌పోర్టు కాపీ, ఆ కేసు నాటికి తాను న్యూజెర్సీలో ఉన్నట్టు లీజు, కరెంటు బిల్లు జతచేసి పంపాడు. ఎలా పంపమన్నానో మీకు చెప్పక్కర్లేదు, పచ్చకార్డు పెట్టే. గడువులోగానే సరిచేసిన రిపోర్టు వచ్చింది.

ఈలోపు ఆ అపార్ట్‌మెంటు ఎవరికో ఇచ్చేశారు. వీడు పక్క కాంప్లెక్సులో చేరాడు. మొదటిచోట కట్టిన అప్లికేషన్ ఫీజు తిరిగిమ్మంటే మాత్రం, అది తిరిగిచ్చేది కాదు సార్ అన్నార్ట.